కొమ్మల మైసమ్మ ముందు రెండు కొమ్మలు

పోయిన వారం నాగయ్యను అడవి బాట మొదట్లో, అడ్డంగా పడేసిన దుంగ ముందు నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం ఆ మనిషి అప్పట్నుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు. ఇక కదిలిద్దాం.

ఇవాళే పత్రిక చేతికి తీసుకున్న వాళ్ళుంటే వాళ్ళ కోసం రెండు ముక్కలు చెబుతాను, మిగతా వాళ్ళు ఓపిక పట్టండి. పోలీసు చర్య జరిగి నిజాం దిగిపోయిన మరుసటి ఏడు ఎండకాలం ఇది. రజాకార్లు పోయారు గానీ ఇబ్రహీంపట్నానికి కంటి మీద కునుకు రాలేదు. రాచకొండ గుట్టల్లో దళాలు ఇంకా తుపాకులు దించలేదు. వాళ్ళకు కూడూ కబురూ ఊళ్ళోంచే పోతున్నాయని క్యాంపు పోలీసులు అడవి బాటకు దుంగ అడ్డం వేశారు. ఆ బాట షికారుకు పోయేవాళ్ళ బాట కాదు, ఊరి బతుకు బాట. వలలకు పట్టించే తంగేడు చెక్క ఆ బాటనే రావాలి. ఆ బెరడు కషాయం తాగని నూలు వల నెల తిరక్కుండా మురిగి చేతిలో ఊడివస్తుంది. తోళ్ళు నానేసే లందల్లోకి కావలసిందీ ఆ చెక్కే. ఆడవాళ్ళు విస్తళ్ళు కుట్టుకునే మోదుగాకు, పొయ్యిలోకి కట్టె, అన్నీ అటునుంచే. దుంగ పడ్డాక ఊరు ఊరంతా గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంది.

బెస్త నాగయ్య క్యాంపు చుట్టూ చెప్పులరిగేలా తిరిగి ఇన్‌స్పెక్టరుతో ఒక ఒప్పందం కుదిర్చాడు. అమావాస్య దాకా ఊరివాళ్ళెవరూ ఆ బాట తొక్కకూడదు. మాట నిలబెట్టుకుంటే మర్నాడే దుంగ తీసేస్తారు, పొద్దు పొడిచింది మొదలు పొద్దు గుంకే దాకా బాట ఊరిది. మాట తప్పితే బాట శాశ్వతంగా బందు. ఊరి తరఫున జామీను నాగయ్యే.

ఆయన జామీను ఎందుకు ఒప్పుకున్నారంటే, ఆయనకు అడవిలో ఎవరూ లేరు గనక. దళంలో చేరిన ఒక్కగానొక్క కొడుకు సిద్దయ్య కార్తీక మాసంలో కాల్పుల్లో పోయాడు. శవం రాలేదు, కబురొచ్చింది. కర్మ చేశారు, ఊరందరికీ అన్నం పెట్టారు, కోడలు బాలనర్సమ్మ గాజులు చెరువు గట్టు మీద పగలగొట్టారు. కొడుకే పోయాక ఈ ముసలాడికి అడవితో ఇంకేం పని అని ఇన్‌స్పెక్టరు అనుకున్నాడు. నాగయ్య కూడా అంతే అనుకున్నాడు.

అమావాస్య వెళ్ళింది. తెల్లారింది. ఇక్కడే మనం వదిలేసింది.

దుంగ ముందు ఊరు పెళ్ళికి వచ్చినట్టు వచ్చింది. గంపలు, తాళ్ళు, కొడవళ్ళు, నెత్తి మీద చుట్టకుదుర్లు. అందరికంటే ముందు ముత్యాలు నిలబడ్డాడు. తోళ్ళ పని చేసేవాడు, సిద్దయ్య ఈడువాడు, ఇద్దరూ ఒకే చెరువులో ఈత నేర్చారు. చెక్క లేక అతని లందలు ఎండి, పచ్చితోళ్ళు పురుగు పట్టి, ఇల్లు దగ్గరికి పోతే ముక్కు మూసుకోవాల్సిన స్థితి. రాత్రి పండుకోకుండా గొడ్డలి నూరుకున్నాడు, దాని పదును చూస్తేనే తెలుస్తోంది. పక్కనే ఈదమ్మ, ఊళ్ళో సగం మందికి బొడ్డు కోసిన మంత్రసాని, తీరిక వేళల్లో విస్తళ్ళు కుట్టుకునే మనిషి, నోరు మాత్రం తీరిక ఎరగదు.

"నీ కోడలేది నాగయ్యా, కనవడ్తలేదు?" అంది.

"నీళ్ళు తెచ్చి పెట్టి, ఆడోళ్ళతోని ఎనక వస్తనన్నది వదినే" అన్నాడు నాగయ్య. కోడలు చీకటితోనే కడవ పట్టుకొని బయటికి పోయింది. ఆయన చూశాడు.

ఇన్‌స్పెక్టరు వచ్చాడు. కోస్తా మనిషి. ఊళ్ళో ఎవరూ మాట్లాడనంత మెత్తగా మాట్లాడతాడు, అందుకే జనానికి అతనంటే హడల్. రజాకారు తిట్టి కొడతాడు, వీడు కూర్చోబెట్టి అడుగుతాడు. ఏది ఎక్కువ భయమో పడ్డవాళ్ళను అడగండి.

"మాట నిలబెట్టుకున్నారు. సంతోషం" అన్నాడు. "షరతులు మళ్ళీ చెబుతాను, వినండి. పొద్దు గూకేలోపు అందరూ ఇవతలికి వచ్చెయ్యాలి. బండ్లు వెళ్ళకూడదు. వండిన తిండి ఏదీ లోపలికి తీసుకెళ్ళకూడదు."

గుంపులో గుసగుస లేచింది. నాగయ్య ముందుకు వచ్చాడు.

"సాబ్, పొద్దుగాల పోయినోడు మాపటికి ఒస్తడు. చెక్క కొట్టుడంటే ఆకలైతది. గట్క ముద్ద లేకుంటె గొడ్డలి లేస్తదా?"

"ఆ ముద్ద ఎవరి కడుపులోకి పోతుందో నాకెలా తెలుస్తుంది నాగయ్యగారూ?"

"దుంగ కాడ మూట ఇప్పి సూపిస్తరు. ఒక్క మనిషి తినేటంతే ఉంటె పోనియ్యి, ఎక్కువుంటె నీ హవల్దారును తినమను."

జనం నవ్వారు. హవల్దారు కూడా నవ్వాడు. ఇన్‌స్పెక్టరు "సరే, ఒక మనిషికి సరిపడా" అన్నాడు. అబ్బ! ఆ మాటకు ముత్యాలు గొడ్డలి గాలిలోకి లేపి కేక పెట్టాడు. నలుగురు జవాన్లు దుంగను పక్కకు దొర్లించారు. నెలల తరబడి మూసుకుపోయిన బాట మీద ఊరు కాలు పెట్టింది. నాగయ్యకు కొడుకు పోయాక మొదటిసారి ఛాతీ తేలికైంది. నేను అబద్ధం చెప్పను, ఆ క్షణం ఆయనకు గర్వంగా కూడా అనిపించింది.

దుంగ దాటి కొంచెం పోతే కొమ్మల మైసమ్మ ఉంటుంది. గుడీ గోపురం ఏం లేదు, బాట పక్కన కుంకుమ పూసిన రాయి. అక్కడ ఆగకుండా ఇబ్రహీంపట్నం మనిషి అడవిలోకి పోడు. చర్చికి పోయే ముత్యాలు కూడా పోడు. ఇన్‌స్పెక్టరు ఊరివాళ్ళతో పాటు అక్కడిదాకా నడిచాడు. దారిలో మాటకు మాటగా ఈదమ్మను అడిగాడు.

"ఒప్పందం రోజున మావాళ్ళు అక్కడ పేరుకున్న కొమ్మల కుప్ప తగలబెట్టారని మీవాళ్ళకు కోపం వచ్చిందట కదమ్మా. ఎందుకు పెడతారు ఆ కొమ్మలు?"

అడగడమే ఆలస్యం. ఈదమ్మకు సర్కారు మనిషి తనంతట తాను అడిగి వినడం పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదలు.

"లోపలికి పోయేటోళ్ళు పచ్చి కొమ్మ ఇర్సి తల్లి ముందల పెడ్తరు సాబ్. ‘తల్లీ, గీ పానం లోపలికి పోతున్నది, జర నువ్వే సూసుకో’ అని. మర్లి వచ్చినంక ఎవలి కొమ్మ వాళ్ళే తీసి ఎనకకు ఇసిరేస్తరు. ఎన్ని పానాలు పోతె గన్ని కొమ్మలు. సంకల పిల్లగాడుంటె వానికి గూడ సిన్న కొమ్మ పెట్టి, తల్లి కొమ్మకు కడ్తరు."

"ఒకరి కొమ్మ ఇంకొకరు తీసేస్తే?"

"అమ్మో! గా మాట నోట్లకెల్లి రానియ్యకు. గట్ల తీస్తె గా మనిషి మర్లి రాదు."

కడుపులో బిడ్డ మెసలడం మొదలైతే ఆ బిడ్డకు కూడా ఒక కొమ్మ పెట్టాలి. మంత్రసాని గదా, ఆ సంగతి కూడా చెప్పబోయింది. అప్పటికే మైసమ్మ వచ్చేసింది. ఈదమ్మ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయింది.

కుప్ప కాలిన చోట నల్లటి బూడిద మడుగు. దాని మీద రెండు పచ్చి కానుగ కొమ్మలు. ఒకటి మోచేతి పొడుగు, ఒకటి జానెడు. చిన్నదాన్ని పెద్దదానికి దారంతో కట్టి ఉంది. ఆకులు వాడను కూడా వాడలేదు, చీకటితో విరిచినవి.

ఇన్‌స్పెక్టరు కోపంతో అరిస్తే బాగుండేది. అతను అరవలేదు.

"కొమ్మ ఇంకా ఇక్కడే ఉంది" అన్నాడు. "అంటే మనిషి ఇంకా లోపలే ఉందన్నమాట. అంతేగా అమ్మా?"

ఈదమ్మ తన నోటిని తానే కొట్టుకుంది. కానీ చెప్పిన మాట వెనక్కి రాదు గదా!

చూడండి, దొంగతనంగా పోయే మనిషి ఎవరైనా అడుగుల గుర్తులు చెరిపేస్తుంది, పక్క పొదల్లోంచి పోతుంది, నోరు మూసుకుంటుంది. ఈమె అవన్నీ చేసింది. కాని మైసమ్మకు కొమ్మ పెట్టకుండా మాత్రం పోలేకపోయింది. ఈ ఊరివాళ్ళు తప్ప ఇంకెవరూ ఇలాంటి తప్పు చెయ్యరు. తిట్టుకోవాలో మొక్కాలో నాకైతే తెలియదు.

నాగయ్య చూపు కొమ్మల మీద లేదు, కట్టిన దారం మీద ఉంది. వల అల్లే నూలు దారం. నాగయ్య ఎడమచేతి వాటం మనిషి. ఊళ్ళో బెస్తలందరూ దారాన్ని ఒక వైపు పురి పెడితే ఆయన ఒక్కడే రెండో వైపు పెడతాడు. ఆయన దారం ఎక్కడున్నా ఏ బెస్తవాడైనా పట్టేస్తాడు. ఆ పురి ఇప్పుడు మైసమ్మ ముందర, పోలీసుల ముందర, ఊరి ముందర ఉంది.

ఆయన ఇంట్లో చంటిపిల్ల లేదు. కోడలు తప్ప ఇంకో ఆడమనిషి లేదు. గాజులు పగిలింది కార్తీకంలో. ఇప్పుడు వైశాఖం నడుస్తోంది. కడుపులో బిడ్డ ఇప్పుడిప్పుడే మెసులుతోందంటే కార్తీకం తరవాత పడ్డ కడుపే.

ఒక్క క్షణం పాడు ఆలోచన వచ్చింది ఆయనకు. రాలేదని ఎందుకు దాచాలి? మగవాడి బుద్ధి, వచ్చింది. వెంటనే చెంపలు వాయించుకోవాలనిపించింది. ఇంకెవడి బిడ్డనో కడుపులో పెట్టుకున్న పిల్ల తుపాకుల నడుమ ఈ బాట ఎందుకు పడుతుంది? ఇంట్లో జొన్నపిండి రెండింతలు ఎందుకు అయిపోతోందో, కోడలు తన గిన్నెలో గట్క ఎందుకు మిగులుస్తోందో, కొడుకు దినాల నాడు ఊరంతా గుండెలు బాదుకుంటే ఆ పిల్ల కళ్ళు ఎందుకు పొడిగా ఉన్నాయో, అన్నీ ఒక్కసారి తెలిసొచ్చాయి. సిద్దయ్య చావలేదు. తన కొడుకు బతికే ఉన్నాడు!

ఓసి పిల్లా! నన్నింత కాలం ఏడిపిస్తివి గదనే, అనుకున్నాడు లోపల. కోపం వచ్చింది. దానికి వందరెట్లు సంతోషం వచ్చింది. సంతోషం వచ్చిన చోటే భయం పట్టుకుంది. కోడలు లోపలుంది. కొడుకు లోపలున్నాడు. పుట్టని మనవడో మనవరాలో కూడా లోపలే. బాటకు జామీను తాను.

వెనకనుంచి బెస్తవాళ్ళు మెడలు చాచి దగ్గరికి వస్తున్నారు. ఇంకో రెండడుగులు వేస్తే దారం పురి కనిపిస్తుంది. నాగయ్య వంగాడు. రెండు కొమ్మలనూ ఒక్క ఊపున ఎత్తి, దారం తెంపి పిడికిట్లో మూసేసి, కొమ్మలను పొదల్లోకి విసిరేశాడు.

ఆడవాళ్ళు హా అన్నారు. "నాగయ్యా, నీకేమన్న పిచ్చి లేసిందా!" అని ఈదమ్మ పెద్దగా అరిచి రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుంది. ఆమె దారం చూసిందో లేదో నాగయ్యకు తెలియలేదు. ఇంకొకరి కొమ్మ తీయడమంటే ఆ మనిషి తిరిగి రావద్దని మైసమ్మతో చెప్పినట్టే. కోడలి కోసం ఇది చేయాల్సి వచ్చింది, కోడలికే ఇది చేశాడు.

"ఎందుకు తీశారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఊరి మాట తప్పినోళ్ళ కొమ్మ మా తల్లి ముందల ఉండొద్దు సాబ్."

ఇన్‌స్పెక్టరుకు ఈ సమాధానం నచ్చింది. నచ్చడమే కొంప ముంచింది.

"మీ నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. కాబట్టి బాట ఇప్పుడే మూసెయ్యను. ఇంకో అవకాశం ఇస్తాను. నవాబులు షికారుకు వచ్చినప్పుడు ఈ ఊరివాళ్ళు హాకా వేసేవాళ్ళట. బారుగా నిలబడి, కేకలు వేస్తూ అడవి దులుపుకుంటూ వెళితే జంతువు అవతల చివర తుపాకుల ముందుకు వస్తుందట. మీరే హాకా పెద్ద అని, మీ గొంతు మీదే మొత్తం బారు కదిలేదని విన్నాను. ఇవాళ నా కోసం ఒక్కసారి వెయ్యండి. యాచారం మీదుగా లారీ పంపి బాట అవతలి చివర మా వాళ్ళను పెడతాను. లోపలున్న మనిషి దొరికితే సాయంత్రానికి దుంగే ఉండదు. రాతపూర్వకంగా ఇస్తాను."

నాగయ్య బేరాలు తెలిసిన మనిషి. ఒక్క మాట దొరికింది, అది నిజమైన మాట కూడా.

"హాకా అంటే వెట్టి సాబ్. మా తాతలు జేసిన్రు, మా బాపు జేసిండు, నేను జేసిన. కూలి లేదు, కూడు లేదు, పులి నోట్ల వడ్డోనికి దిక్కు లేదు. గా వెట్టి వద్దనే గదా ఇన్ని పానాలు పోయినయ్. నవాబు పోయిండంటిరి. నవాబు పోయినంక గూడ హాకానేనా?"

గుంపులో ముసలివాళ్ళు అవునవునన్నట్టు తలలు ఆడించారు. ఇన్‌స్పెక్టరు ముఖం మొదటిసారి కాస్త ఎర్రబడింది.

"నవాబు మీకు ఏమీ ఇవ్వలేదు. నేను బాట ఇస్తున్నాను. ఇది వెట్టి కాదు, బేరం. వద్దంటే చెప్పండి, దుంగ మళ్ళీ వేయిస్తాను."

"వద్దు సాబ్" అన్నాడు నాగయ్య. "ఏసుకో దుంగ. బాట మాకొద్దు."

ఇన్ని రోజులు బాట బాట అని తిరిగిన మనిషి ఇతడేనా! ముత్యాలు గొడ్డలి కింద పడేసి వచ్చి నాగయ్య ముందు నిలబడ్డాడు.

"ఏమంటున్నవ్ నాగయ్య కాకా? నువ్వు వద్దంటె అయిపోయిందా? నా లందల నీళ్ళు లేవు, తోళ్ళు కుళ్ళినయ్, మా ఇంట్ల పొయ్యి అంటుకోని పొద్దులున్నయ్. ఎవతో దొంగతనంగ పోయిందట, గామె కోసం మేమంత ఉపాసముండాల్నా? నీకు కొడుకు లేడు, ఎనక లేదు, ముందు లేదు. మాకు పిల్లలున్నరు కాకా!"

అనేశాక ముత్యాలుకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సిద్దయ్య దినాలప్పుడు నాగయ్యను పట్టుకొని ఏడ్చినవాడు అతనే. అయినా మాట వెనక్కి తీసుకోలేదు. అతని తప్పు లేదు, ఆకలికి మర్యాద ఎక్కడిది? నాగయ్యకు ఒక్క మాటలో సమాధానం ఉంది. ఆ మాట చెబితే కొడుకు చస్తాడు. అందుకని మింగేశాడు.

"హాకా ఏస్తం సాబ్" అన్నాడు ముత్యాలు, ఇన్‌స్పెక్టరు వైపు తిరిగి. "ఏస్తం" అని వెనక ఇద్దరు ముగ్గురు, తరవాత పదిమంది, తరవాత మగవాళ్ళంతా అన్నారు.

లారీ యాచారం దారి పట్టింది. అది చుట్టు తిరిగి అవతలి చివరకు చేరేదాకా ఊరు మైసమ్మ ముందు ఎండలో కూర్చుంది. నాగయ్య బాట మలుపు వైపే చూస్తున్నాడు. రాకు తల్లీ, ఇప్పుడు రాకు, అని ఒక్కటే మాట లోపల తిప్పుకుంటున్నాడు. తుపాకులు అవతల ఉన్నాయి. తరుముకుంటూ పోయేది ఊరు. మధ్యలో తన వాళ్ళు. ఇంకో ఘోరం కూడా ఉంది. జంతువైతే హాకా కేకకు దూరంగా పారిపోతుంది. బాలనర్సమ్మ మామ గొంతు విన్నదంటే ఇంటికి పిలవడానికి వచ్చాడనుకొని ఎదురొస్తుంది.

బారులో ఒక చివరకు పోదామని చూశాడు, వాగు పక్కన ఒక సందు వదిలి బారును నడిపించవచ్చని. ఇన్‌స్పెక్టరు భుజం మీద చెయ్యి వేశాడు.

"మీరు ఇక్కడే ఉండండి, నా పక్కన. గొంతు ఇక్కణ్ణుంచి వేస్తే చాలు."

దూరంగా ఈల వినిపించింది. లారీ చేరింది. మగవాళ్ళు కర్రలు పట్టుకొని బాటకు అటూ ఇటూ బారు తీరారు. చూపు అందినంత దూరం, చెట్టుకొకడు. మొదటి కేక కోసం అందరి తలలూ నాగయ్య వైపు తిరిగాయి.

హాకాలో కేకలు రెండే. ఒకటి కదలమని. రెండోది ఎవరూ వినకూడదని మొక్కుకునేది. పులో చిరుతో ముందుకు పోకుండా బారు మీదికే తిరిగి వస్తే హాకా పెద్ద "మర్లవడ్డది" అని అరుస్తాడు. అది చెవిన పడగానే కర్ర పారేసి దగ్గరున్న చెట్టెక్కాలి. ఎక్కినవాడు పైనుంచి "ఏ దిక్కు?" అని అరవాలి. అలా ఒక్కొక్క గొంతూ పలికితే ఎవరూ దాని నోట పడలేదని పెద్దకు తెలుస్తుంది. ఆలోచించి చేసే పని కాదది. వెట్టి చేసిన కాళ్ళకూ గొంతుకూ దానంతట అదే వస్తుంది.

నాగయ్య ఊపిరి నిండా తీసుకున్నాడు.

"మర్లవడ్డదిరో! చిరుత మర్లవడ్డదీ!"

అమ్మో, ఆ గొంతు! చెరువు అవతలి గట్టుకు కూడా వినబడి ఉంటుంది. ఊరి బారు ఊరి బారంతా కర్రలు పారేసి చెట్లెక్కింది. ముత్యాలు తుమ్మచెట్టు ముళ్ళు కూడా చూసుకోకుండా ఎగబాకాడు. జవాన్లు బెదిరి తుపాకులు అటూ ఇటూ తిప్పారు, హవల్దారు మైసమ్మ రాయి వెనక కూలబడ్డాడు. ఆడవాళ్ళు కేకలు పెడుతూ దుంగ వైపు పరుగెత్తారు. హాకా ముక్కలైంది. కోడలికి ఇంకాసేపు దొరికింది. నాగయ్యకు నవ్వొచ్చింది కూడా.

"ఎక్కడ? ఎక్కడుంది చిరుత?" ఇన్‌స్పెక్టరు ఆయన చెయ్యి పట్టుకొని గుంజాడు.

చెట్ల మీదినుంచి గొంతులు మొదలయ్యాయి. "ఏ దిక్కు?" అని ఒకటి. "ఏ దిక్కు?" అని వాగు వైపు నుంచి ఒకటి. ముత్యాలుది ఒకటి. కుడి పక్కవి అయిపోయాయి, ఎడమ పక్కవి అయిపోయాయి. ప్రతి గొంతూ నాగయ్యకు తెలుసు. బారు మొత్తం పలికింది. ఇక పలకాల్సింది ఎవరూ లేరు.

అప్పుడు బాట మలుపు అవతల, ఊరి బారులో ఎవరూ లేని చోట, అడవి లోపలి నుంచి ఇంకో గొంతు వచ్చింది.

"ఏ దిక్కు బాపూ?"

మీసాలు రాకముందు నుంచే తండ్రి పక్కన హాకాలో నడిచిన గొంతు. పెళ్ళాన్ని క్షేమంగా ఊరి అంచుదాకా దిగబెట్టడానికి వచ్చినవాడు, తండ్రి కేక చెవిన పడగానే తాను చచ్చిపోయిన మనిషినని మరిచిపోయి పలికాడు.

ఆ గొంతు గుర్తు పట్టనివాళ్ళు అక్కడ పోలీసులు మాత్రమే. కానీ బాపు అంటే తండ్రి అని వాళ్ళకు కూడా తెలుసు. ఇన్‌స్పెక్టరు నాగయ్య చెయ్యి వదిలేశాడు. నెమ్మదిగా బెల్టులోంచి పిస్తోలు తీశాడు. నాగయ్యను అడగలేదు. తలెత్తి తుమ్మచెట్టు మీదికి చూశాడు.

"ముత్యాలూ, కిందికి రా. లోపల పలికిందెవరు? పేరు చెప్పు చాలు. బాట ఈ క్షణం నుంచి మీది, దుంగ నీ ముందే చీల్పించి మీ పొయ్యిలోకి పంపిస్తాను."

ముత్యాలు చెట్టు దిగాడు. ముళ్ళు చీరేసి చేతుల నిండా రక్తం. నాగయ్య అతని కళ్ళలోకి చూడాలని ప్రయత్నించాడు, అతను చూడనివ్వలేదు. రక్తం పంచెకు తుడుచుకొని ఇన్‌స్పెక్టరు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"చెప్త సాబ్" అన్నాడు.